రెండో లైను ఉండీ కాటా ఎందుకు ఆగింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రౌటర్‌కు, అంటే నెట్‌వర్కుల మధ్య డేటాను దారి చూసి పంపే డబ్బాకు, దారి ఎవరు చెప్పాలి, మనమా, పక్క రౌటరా? అందుకని మిగిలినవి పక్కన పెట్టాను. ప్రింటర్ గురించి మూడోసారి రాసిన కార్వేటినగరం పాఠకుడు కోప్పడొద్దు, వచ్చే నెల మొదటి జవాబు ఆయనకే.

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నేను అకౌంట్సు చూస్తాను, కంప్యూటర్లు కూడా నా నెత్తినే పడ్డాయి. కాటా దగ్గరి కంప్యూటర్ చిత్తూరు టౌన్‌లో ఉన్న ఆఫీసు సర్వర్‌తో మాట్లాడితేనే తూకం చీటీ వస్తుంది. మధ్యలో ఫైబర్ లైను. అది పోతే పనికొస్తుందని సిమ్ వేసిన రౌటర్ మీద వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా పోయే సొంత దారి) కూడా పెట్టుకున్నాం. రెండూ స్టాటిక్ రూట్లే. ఫైబర్‌కు డిస్టెన్స్ 1, రెండోదానికి 10 ఇచ్చాను, అంకె తక్కువున్న రూట్‌నే రౌటర్ ముందు వాడుతుంది. ఏప్రిల్‌లో రౌటర్ నుంచి ఫైబర్ వైపు కేబుల్ పీకి చూశాం. రెండో రూట్ యాక్టివ్ అయినట్టు స్క్రీన్ మీద కనిపించింది, సంతోషపడ్డాం. జూన్‌లో సీజన్ నడిమధ్య ఎక్కడో జేసీబీ ఫైబర్ తెంపింది. రెండో లైను పట్టుకోలేదు. నాలుగు గంటలు తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట ఎండలో నిలబడ్డాయి, రైతులు తిట్టని తిట్టు లేదు. ఇప్పుడందరూ "స్టాటిక్ పాత పద్ధతి, ఓఎస్‌పీఎఫ్ పెట్టించు" అంటున్నారు, రౌటర్లే ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతట అది. పెట్టించమంటారా? రౌటర్లు రెండూ మైక్రోటిక్ కంపెనీవి. - ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. ఏప్రిల్‌లో మీరు పీకింది రౌటర్ దగ్గరి కేబుల్. జూన్‌లో తెగింది ఎక్కడో రోడ్డు పక్కన. మీకు రెండూ ఒకటే, లైను పోవడం. రౌటర్‌కు మాత్రం అవి రెండు వేరు వేరు సంగతులు.

మీ గోడ మీద చిన్న డబ్బా ఒకటి ఉండాలి. సన్నటి పసుపు రంగు ఫైబర్ వైరు దాంట్లోకి వచ్చి, అవతలి నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్‌గా రౌటర్‌లోకి పోతుంది. మీడియా కన్వర్టర్ అంటారు దాన్ని. రౌటర్‌కు కనిపించే లోకం ఆ డబ్బా వరకే. డబ్బాకు కరెంటు ఉంది, మధ్య కేబుల్ బాగుంది, పోర్టు దీపం పచ్చగా వెలుగుతోంది. పోర్టు బతికున్నంత సేపూ దాని మీద రాసిన స్టాటిక్ రూట్ కూడా బతికే ఉంటుంది. డిస్టెన్స్ 1 ఉన్న రూట్ నిక్షేపంగా ఉండగా 10 ఉన్నదాని వైపు రౌటర్ కన్నెత్తి చూడదు. మీ తూకం లెక్కలన్నింటినీ నాలుగు గంటలపాటు తెగిన ఫైబర్ లోకే శ్రద్ధగా పంపుతూ కూర్చుంది. ఏప్రిల్‌లో కేబుల్ పీకినప్పుడు పోర్టే పడిపోయింది, దాంతో రూటూ పోయింది, రెండోది పైకి వచ్చింది. జ్వరం వచ్చినవాడికి కంటి పరీక్ష చేసి అంతా బాగుందన్నట్టు అయింది.

స్టాటిక్ రూట్ అంటే మనం పాతిన బోర్డు. చిత్తూరు ఇటు, అని రాసి పాతేశాం. ముందు దారి ఉందో కొట్టుకుపోయిందో బోర్డుకు తెలియదు. 2021లో ఆ వానల తర్వాత, డిసెంబర్ మొదట్లో, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడినప్పుడు చూశాం కదా. 1974లో వేసిన దారి అది, పైకి పోయే బండ్లన్నీ అటే పోతాయి. బోర్డు తనంతట తాను తిరగదు. మనుషులు నిలబడి ఆపి, 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీదికి మళ్లిస్తేనే బండ్లు కదిలాయి. మీ దగ్గర లేనిది ఓఎస్‌పీఎఫ్ కాదు, ఆ విజిల్ పట్టుకున్న మనిషి.

ఆ మనిషిని పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. మైక్రోటిక్‌లో ఫైబర్ రూట్ తెరవండి, చెక్ గేట్‌వే అన్న చోట పింగ్ ఎంచుకోండి. అప్పటి నుంచి పది సెకన్లకోసారి రౌటర్ అవతలివాణ్ణి పలకరిస్తుంది. రెండుసార్లు పలక్కపోతే ఆ రూట్‌ను పక్కన పెట్టేస్తుంది. డిస్టెన్స్ 10 ఉన్నది అప్పుడు రంగంలోకి దిగుతుంది. సిస్కో కంపెనీ రౌటర్లలో ఇదే పనికి ఐపీ ఎస్ఎల్ఏ అనీ ట్రాక్ అనీ రెండు ముక్కలు రాయాలి.

ఒక్క జాగ్రత్త. గేట్‌వేగా ఇచ్చిన అడ్రసు చిత్తూరు రౌటర్‌దే అయి ఉండాలి. మీ కొసకు 10.1.1.1, చిత్తూరు కొసకు 10.1.1.2 అనుకుంటే పలకరించాల్సింది ఆ రెండోదాన్ని. మధ్యలో లైను ఇచ్చినవాళ్ల పెట్టె అడ్రసు ఏదో అక్కడ ఉంటే, దాని అవతల తెగినప్పుడు మళ్లీ ఇదే కథ. పక్కింటాయన ఉన్నాడా అని అడిగి ఊరంతా క్షేమం అనుకున్నట్టు.

ఇక నాకు అసలు అనుమానం ఉన్న చోటు. చిత్తూరు రౌటర్ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పోయే దారి మీ రౌటర్ రాస్తుంది, తిరిగొచ్చే దారి వాళ్లది రాస్తుంది. కాటా కంప్యూటర్ అడిగిన మాట వీపీఎన్ మీదుగా చిత్తూరు చేరినా, జవాబు తెగిన ఫైబర్ మీదికే పోతే చీటీ రాదు. ఏప్రిల్‌లో మీరు రూట్ల పట్టిక చూసి ఆగిపోయారు, ఒక్క చీటీ తీసి చూసి ఉంటే బహుశా ఆ రోజే బయటపడేది. మీరు కేబుల్ పీకింది మీ వైపు. చిత్తూరు వైపు పోర్టు ఆ రోజు కూడా పచ్చగానే వెలిగి ఉంటుంది. కాబట్టి రెండో రూటూ, చెక్ గేట్‌వే పింగూ రెండు చోట్లా ఉండాలి.

అయితే చిత్తూరు రౌటర్‌ను బంగారుపాళ్యంలో కూర్చుని ఆ లైను మీదుగానే మార్చకండి. ఇది చెప్పే అర్హత నాకు బాగా ఉంది. పాతికేళ్ల కింద నేనొక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. తిరుపతి నుంచి చిత్తూరు బ్రాంచికి 64 కేబీపీఎస్ లీజ్‌డ్ లైను ఉండేది. ఒక సాయంత్రం చిత్తూరు రౌటర్‌లో రూట్ మార్చాలి. పాతది తీసేసి కొత్తది రాద్దాం అనుకున్నాను. పాతది తీసి ఎంటర్ కొట్టాను, అంతే, స్క్రీన్ రాయిలా బిగుసుకుపోయింది. ఆ పాత రూట్ మీదనే కదా నేను అక్కడిదాకా పోయింది, కూర్చున్న కొమ్మ నరుక్కున్నాను. రాత్రి తొమ్మిది తర్వాత బస్సెక్కాను. చిత్తూరులో దిగి నడుచుకుంటూ పోతే వాచ్‌మన్ కొంతసేపు గేటు తియ్యలేదు. "ఏం సార్, ఇంత రాత్రప్పుడు వచ్చినారే?" అన్నాడు. ఒక వరస టైపు చేయాలి అన్నాను. నమ్మినట్టు లేదు. కన్సోల్ కేబుల్ తగిలించి నిజంగానే ఒక్క వరస టైపు చేసి, బస్టాండులో తెల్లవార్లూ కూర్చుని మొదటి బస్సుకు తిరిగొచ్చాను. బస్సు ఖర్చు బిల్లు పెడితే మేనేజర్ కూడా వాచ్‌మన్ అడిగిందే అడిగాడు.

అప్పటి నుంచి రెండు అలవాట్లు. ముందు కొత్తది రాస్తాను, అది పనిచేసిందని చూశాకే పాతది తీస్తాను. దూరంగా ఉన్న సిస్కో రౌటర్‌ను ముట్టుకునే ముందు పది నిమిషాల తర్వాత తనంతట తాను రీస్టార్ట్ అవ్వమని ఆజ్ఞ ఇచ్చి పెడతాను, కొత్త మార్పులను సేవ్ చేయను. నేను తెగిపోతే అది రీస్టార్ట్ అయి పాత పద్ధతికి వస్తుంది. అంతా బాగుంటే రీస్టార్ట్ రద్దు చేసి సేవ్ చేస్తాను. మీ మైక్రోటిక్‌లో ఇంకా సులువు, సేఫ్ మోడ్ అని ఉంది. అది నొక్కి పని మొదలుపెడితే, మధ్యలో మీ కనెక్షన్ తెగిందంటే చేసినవన్నీ కాసేపట్లో వెనక్కి పోతాయి. మీకైతే చిత్తూరు పెద్ద దూరమేం కాదు, నేరుగా పోయి కూర్చుని చేసుకోండి.

ఓఎస్‌పీఎఫ్ సంగతికి వస్తే, ఇప్పుడు వద్దు. దాంట్లో రౌటర్లు మామూలుగా పది సెకన్లకోసారి ఒకదానికొకటి హలో చెప్పుకుంటాయి. 40 సెకన్లు హలో రాకపోతే అవతలిది పోయిందని లెక్క. పైన చెప్పిన పింగ్ అంతకంటే ముందే కనిపెడుతుంది. ఓఎస్‌పీఎఫ్‌ను కూడా వేగంగా కనిపెట్టేలా చేయొచ్చు, ఆ సెకన్లు తగ్గించొచ్చు, కానీ రెండు రౌటర్లు, రెండు లైన్లు ఉన్న చోట దానికి చేసే పనే లేదు. మీరు లీవులో ఉన్న రోజు ఏదైనా ఆగితే రెండు స్టాటిక్ రూట్లను ఎవరైనా చదివి అర్థం చేసుకుంటారు.

రేపు కోల్డ్ స్టోరేజీ ఒకటి, తవణంపల్లె వైపు కొనుగోలు కేంద్రం ఒకటి పెట్టి, వాటి మధ్య కూడా లైన్లు లాగితే అప్పుడు రాయండి. మూడు చోట్లు ఉంటే ఒక్కో రౌటర్‌లో మిగతా రెండింటికి, మొత్తం ఆరు వరసలు. పది చోట్లు అయితే తొంభై. ప్రతిదానికీ బ్యాకప్ అంటే నూటఎనభై. ఒక చోట అడ్రసు మార్చితే తొమ్మిది చోట్ల దిద్దాలి, అందులో ఒకటి తప్పకుండా మర్చిపోతాం. అక్కడ చేత్తో రాయడం పౌరుషానికి తప్ప పనికి కాదు.

వచ్చే సీజన్ ముందు, మేలోనే, ఒక ఆదివారం కన్వర్టర్‌లోకి వచ్చే ఆ పసుపు ఫైబర్ పీకండి, రౌటర్ కేబుల్ కాదు. నిమిషం ఆగి ఖాళీ ట్రాక్టర్‌ను కాటా ఎక్కించి చీటీ తీయండి. చీటీ చేతికొస్తేనే పాస్. పీకేటప్పుడు ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి, వేలితో తాకకండి.

ప్రశ్న: సార్, క్యాంపస్ ఇంటర్వ్యూలో స్టాటిక్, డైనమిక్ రౌటింగ్‌కు తేడా అడిగారు. స్టాటిక్ చేత్తో రాసేది, డైనమిక్ తనంతట తాను నేర్చుకునేది, డైనమిక్కే మంచిది అన్నాను. ఒకే చోటికి రెండు రకాల రూట్లూ ఉంటే రౌటర్ దేన్ని తీసుకుంటుంది అన్నారు. స్టాటిక్ అన్నాను. "ఎప్పుడూనా?" అన్నారు. టెన్షన్‌లో నోరు పెగల్లేదు. సరైన జవాబు ఏమిటి? రిప్ అనే పాత డైనమిక్ పద్ధతి ఎవరూ వాడకపోయినా మాకు సిలబస్‌లో ఎందుకు? - బీటెక్ విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: అమ్మా, నువ్వు చెప్పింది తప్పు కాదు, సగం. ఆయన "ఎప్పుడూనా?" అన్నది ఆ మిగతా సగం కోసం.

రౌటర్ మొదట చూసేది రూట్ ఎవరు రాశారని కాదు, ఏది ఎక్కువ వివరంగా ఉందని. నీ పట్టికలో 10.0.0.0/8 కు స్టాటిక్ రూట్ ఉంది, 10.5.5.0/24 కు ఓఎస్‌పీఎఫ్ నేర్పిన రూట్ ఉంది అనుకో. గీత పక్కన అంకె పెద్దదయ్యే కొద్దీ అడ్రసుల ముక్క చిన్నది, వివరం ఎక్కువ. 10.5.5.7 కు పోవాల్సిన ప్యాకెట్, అంటే డేటా ముక్క, వస్తే ఓఎస్‌పీఎఫ్ చెప్పిన దారినే పోతుంది. జిల్లా పేరు తెలిసినవాడూ వీధి పేరు తెలిసినవాడూ ఇద్దరుంటే ఉత్తరం ఎవరి చేతికిస్తాం? లాంగెస్ట్ మ్యాచ్ అంటారు దీన్ని. పేరు మీకు క్లాసులో చెప్పే ఉంటారు, ఇక్కడ వాడాలని చెప్పి ఉండరు.

రెండూ సరిగ్గా అదే నెట్‌వర్క్‌కు, అదే /24 కు ఉంటేనే నువ్వు చెప్పిన పోటీ మొదలవుతుంది. అప్పుడు డిస్టెన్స్ తక్కువ ఉన్నది గెలుస్తుంది. సిస్కోలో నేరుగా తగిలించి ఉన్న నెట్‌వర్క్‌కు 0, స్టాటిక్‌కు 1, ఈఐజీఆర్‌పీ అనే ఇంకో డైనమిక్ పద్ధతికి 90, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120. మనిషి చేత్తో రాశాడంటే తెలిసే రాసి ఉంటాడని కంపెనీవాళ్ల నమ్మకం. పై జవాబులో నా బస్సు ప్రయాణం చదివితే ఆ నమ్మకం ఎంతవరకు సబబో తెలుస్తుంది. ఆ 1ని మనం మార్చొచ్చు కూడా. స్టాటిక్‌కు 200 ఇస్తే ఓఎస్‌పీఎఫ్ రూట్ ఉన్నంత కాలం అది అణిగి ఉండి, ఓఎస్‌పీఎఫ్ పోయిన రోజున బయటికి వస్తుంది. ఫ్లోటింగ్ స్టాటిక్ అంటే అదే. "ఎప్పుడూ కాదు సార్, ముందు వివరం, తర్వాత డిస్టెన్స్, డిస్టెన్స్ కూడా మనం మార్చుకోవచ్చు" అని ఉంటే ఆయన తర్వాతి ప్రశ్నకు పోయేవాడు.

ఇక "తనంతట తాను నేర్చుకునేది". ఈ మాట నాకు నచ్చదు. తనంతట తాను ఏదీ నేర్చుకోదు, పక్కవాడు చెబితే నేర్చుకుంటుంది. పక్కవాడు ఏం చెబుతాడన్న దగ్గరే అసలు తేడాలున్నాయి.

రిప్‌లో పక్క రౌటర్ 30 సెకన్లకోసారి తన పట్టిక మొత్తం చదివి వినిపిస్తుంది. ఫలానా నెట్‌వర్క్ నాకు మూడు అడుగుల దూరం అంటుంది, దారిలో ఒక్కో రౌటర్ ఒక్కో అడుగు. విన్న రౌటర్ ఒకటి కలిపి నాకు నాలుగు అని రాసుకుంటుంది. ఏ దారిన మూడు అని అడగదు. ఇప్పుడు ఆ నెట్‌వర్క్ పోయిందనుకో. బి అనే రౌటర్‌కు అది నేరుగా ఉండేది, ఏ అనే రౌటర్ దాని సంగతి బి దగ్గరే విన్నది. బి తనది పోయిందని చెప్పేలోపు ఏ "నాకు రెండు అడుగుల్లో ఉంది" అంటుంది. అరె, వీడికి వేరే దారి ఉన్నట్టుందే అని బి మూడు రాసుకుంటుంది. అది విని ఏ నాలుగు. బి అయిదు. ఇద్దరూ ఒకరి దగ్గర విన్నది ఒకరికే చెప్పుకుంటూ పోతారు. చచ్చిన మనిషిని నిన్న చూశానని ఒకడు, మొన్న చూశానని ఇంకొకడు చెప్పుకునే రచ్చబండ లాగా. దీనికి ఎక్కడో హద్దు పెట్టాలి కాబట్టి 16 అంటే అనంతం అన్నారు. రిప్ 15 అడుగులకు మించి పోలేకపోవడానికి కారణం ఇదే. ఎవరి దగ్గర విన్న మాట వాళ్లకే తిరిగి చెప్పకూడదన్న స్ప్లిట్ హొరైజన్ కూడా ఇందుకే పుట్టింది. సిలబస్‌లో రిప్ ఎందుకంటే, ఈ జబ్బు అర్థమైతేనే మిగతావి ఎందుకు వచ్చాయో అర్థమవుతుంది. దాని పత్రం 1988లో వచ్చింది, నేను రిప్‌ను నడిపించాను కూడా. లైను పోయిందని ఒప్పుకోవడానికి దానికి మూడు నిమిషాలు పడుతుంది, ఈలోపు ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

పైగా రిప్ అడుగులు లెక్కపెడుతుంది తప్ప దారి ఎంత వెడల్పో చూడదు. మధ్యలో ఒక రౌటర్ ఉన్న 1 జీబీపీఎస్ దారినీ, నేరుగా పోయే 64 కేబీపీఎస్ దారినీ పక్కపక్కన పెడితే రెండోదే ఎంచుకుంటుంది.

ఓఎస్‌పీఎఫ్‌లో ఎవరూ విన్నది చెప్పరు, తమ గుమ్మం ముందున్నదే చెబుతారు. నాకు ఈ లైను ఉంది, దీని ఖర్చు ఇంత, అని. ఆ మాటలు ఏరియాలో ఉన్న అందరికీ మార్పు లేకుండా చేరతాయి. ప్రతి రౌటరూ మొత్తం మ్యాప్ తయారు చేసుకుని దగ్గరి దారి తానే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రాది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో షాపింగ్‌కు వెళ్లి అలిసిపోయి, కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో కాగితం కూడా లేకుండా ఆలోచించానని ఆయనే చెప్పుకున్నాడు. అచ్చులో వచ్చింది 1959లో. ఇరవై నిమిషాల ఆలోచనకు మనకు సెమిస్టర్‌లో మూడు క్లాసులు.

ఇంకో ఇంటర్వ్యూ ప్రశ్న ముందే చెబుతాను. సిస్కోలో ఓఎస్‌పీఎఫ్ ఖర్చు లెక్కకు మామూలుగా 100 ఎంబీపీఎస్‌ను ఆధారంగా తీసుకుంటారు. 10 ఎంబీపీఎస్ లైనుకు ఖర్చు 10, 100కు 1. మరి 1 జీబీపీఎస్‌కు? అదీ 1 అనే వస్తుంది, ఒకటికి తక్కువ ఉండదు. ఆధారం సంఖ్యను అన్ని రౌటర్లలో పెంచకపోతే వంద లైనూ వెయ్యి లైనూ దానికి సమానమే.

"డైనమిక్కే మంచిది" అన్నావు, అది మాత్రం ఇంకెక్కడా అనకు. మీ హాస్టల్ రౌటర్‌కు బయటికి ఒక్కటే దారి అయితే 0.0.0.0/0 అని ఒక్క డిఫాల్ట్ రూట్, అంటే వేరే దారి తెలియనివన్నీ ఇటే అని, రాస్తే సరిపోయింది, అక్కడ ఓఎస్‌పీఎఫ్ దేన్ని ఎంచుకుంటుంది? అదే ఇంటర్నెట్ మధ్యలో ఉండే పెద్ద రౌటర్లలో పది లక్షల దరిదాపు రూట్లుంటాయి, అక్కడ చేత్తో రాస్తానంటే నవ్వుతారు.

కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి రౌటర్లు పెట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ఎలాగూ ఉంటుంది కదా. రెండు రౌటర్లు పెట్టి, రెండింటి డిఫాల్ట్ రూటూ ఒకదాని వైపు ఒకటి తిప్పు. లేని అడ్రసుకు ట్రేస్‌రౌట్ (దారిలో తగిలే రౌటర్లను వరసగా చూపే ఆజ్ఞ) కొట్టి చూడు. అవే రెండు అడ్రసులు, ఇది, అది, ఇది, అది అని వస్తూ ఉంటాయి. ప్రతి గంతుకూ ప్యాకెట్‌లోని టీటీఎల్ అనే అంకె ఒకటి తగ్గి సున్నా కాగానే అది చస్తుంది, లేకపోతే కరెంటు పోయేదాకా తిరుగుతూనే ఉండేది. దీన్ని నిజం ఆఫీసులో నేనొకసారి చేసిపెట్టాను. లైను దీపాలు ఎంత చురుగ్గా మినుకుమన్నాయంటే, ఈ రోజు పని బాగా నడుస్తోందని అందరం అనుకున్నాం.

ప్రశ్న: మా ఇంటి వైఫై డబ్బా సెట్టింగుల్లో డైనమిక్ ఐపీ, స్టాటిక్ ఐపీ అని ఉన్నాయి. స్టాటిక్ పెడితే స్పీడ్ పెరుగుతుందని మా ఆడపడుచు కొడుకు అంటున్నాడు. మీరు రాసే స్టాటిక్ రౌటింగ్ ఇదేనా? - గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: కాదమ్మా. పేరులో పోలిక తప్ప రెండింటికీ సంబంధం లేదు. ఐపీ అంటే మీ ఇంటి నంబరు. డైనమిక్ అంటే కంపెనీవాళ్లు అప్పటికి ఖాళీగా ఉన్న నంబరు ఒకటి మీకిస్తారు, రేపు అది మారొచ్చు. స్టాటిక్ అంటే ఎప్పటికీ అదే నంబరు. రౌటింగ్ అంటే ఆ ఇంటికి దారి. నంబరు మారనంత మాత్రాన దారి వెడల్పు కాదు, స్పీడ్ రవ్వంత కూడా పెరగదు.

కంపెనీవాళ్లు నంబరు ఇవ్వకుండా మీరు ఆ బటన్ మార్చి ఏదో ఒకటి టైపు చేస్తే నెట్ మొత్తం పోతుంది. స్టాటిక్ ఐపీ కావాల్సింది బయటి నుంచి ఎవరైనా మీ ఇంట్లోకి రావాల్సినప్పుడు, అంటే మీరే సర్వర్ నడుపుతున్నప్పుడో, కొన్ని రకాల కెమెరాలను వేరే ఊరి నుంచి చూడాలన్నప్పుడో. దానికి వేరే డబ్బు కట్టాలి. పిల్లవాణ్ణి ఆ పేజీ జోలికి పోనివ్వకండి. మోడెం పాస్‌వర్డ్ ఇంకా డబ్బా వెనక అచ్చు వేసిందే ఉంటే మాత్రం, అతని చేతనే ఇవాళ మార్పించండి.

ప్రశ్న: కొన్నేళ్ల కింద ఒక రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఫోన్లు మాత్రం పనిచేశాయి. దారులు చెరిగిపోయాయని పేపర్లో రాశారు. ఇంటర్నెట్ మొత్తానికి దారులు రాసేది ఎవరు? అవి చెరిగిపోవడం ఏమిటి? ఆ రాత్రి మా మనవడు మోడెంను మూడుసార్లు ఆపి వేశాడు, దానివల్ల ఏమైనా పాడైందా? - విశ్రాంత ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: అయ్యా, మీరు చెప్పేది 2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి. మనకు తొమ్మిది దాటాక మొదలై ఆరు గంటలకు పైగా సాగింది.

మొత్తానికి దారులు రాసే గుమస్తా ఎవరూ లేరు. ఇంటర్నెట్ అంటే వేల నెట్‌వర్కుల కలయిక. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది, మన దేశంలో ఐఆర్ఐఎన్ఎన్ అనే సంస్థ ఇస్తుంది. ఈ అడ్రసులు నా దగ్గరున్నాయి, నా మీదుగా రండి అని ఒక్కొక్కటీ తన పక్కవాళ్లకు చాటింపు వేస్తుంది. వాళ్లు తమ పక్కవాళ్లకు వేస్తారు. ఆ చాటింపు భాష బీజీపీ. 1989లో లాహీడ్, రెఖ్టర్ అనే ఇద్దరు ఇంజినీర్లు భోజనాల దగ్గర నాప్‌కిన్ల మీద గీసుకున్న ఆలోచన, ఇప్పటికీ లోకమంతా దాని మీదే నడుస్తోంది.

ఆ రాత్రి ఫేస్‌బుక్ తమ చాటింపును తామే వెనక్కి తీసుకుంది. కంపెనీవాళ్లు తర్వాత చెప్పినదాని ప్రకారం, మామూలు మరమ్మతుల్లో తమ డేటా సెంటర్ల మధ్య లైన్ల సామర్థ్యం చూడబోయి ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ లైన్లన్నింటినీ పడగొట్టింది. అలాంటి ఆజ్ఞలను ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రాంలోనే లోపం ఉంది. డేటా సెంటర్లు కనిపించకపోయేసరికి వాళ్ల పేర్ల సర్వర్లు (సైటు పేరు అడిగితే దాని అడ్రసు చెప్పేవి), మేం ఆరోగ్యంగా లేం, మా దగ్గరికి రావద్దు అని బీజీపీ చాటింపు ఆపేశాయి. అలా ఆపమని ముందే రాసిపెట్టిన పద్ధతే అది. నిమిషాల్లో ప్రపంచమంతా ఆ దారులు మరిచిపోయింది. అడ్రసు అడిగితే చెప్పేవాడు లేడు. మీ ఫోన్ కాల్స్ వేరే నెట్‌వర్క్ మీద పోతాయి కాబట్టి వాటికేం కాలేదు.

సరిచేద్దామంటే ఇంజినీర్లు ఎప్పుడూ లోపలికి పోయే దారి కూడా అదే. వాళ్లే వెళ్లి డేటా సెంటర్లలో నిలబడాల్సి వచ్చింది, అక్కడి తాళాలు, కాపలాలు దాటి రౌటర్ ముట్టుకోవడానికే చాలా సమయం పట్టింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు చిత్తూరు వాచ్‌మన్ గుర్తొచ్చాడు.

మీకు ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే అది దీనికి తలకిందులు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను ఆపమని ప్రభుత్వ ఆదేశం వచ్చింది. 24న అక్కడి టెలికం సంస్థ యూట్యూబ్ అడ్రసుల దారిని తమ వైపు తిప్పుకుంది. దేశం లోపల ఉండాల్సిన ఆ దారి చాటింపుగా బయటికి పొక్కింది. యూట్యూబ్ వేసిన చాటింపు 1024 అడ్రసుల పెద్ద ముక్కకు, వీళ్లది అందులో 256 అడ్రసుల చిన్న ముక్కకు. చంద్రగిరి అమ్మాయికి పైన చెప్పిన నియమమే ఇక్కడ కూడా, ఎక్కువ వివరంగా ఉన్నవాడిదే మాట చెల్లుతుంది. ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ చూడాలనుకున్నవాళ్ల ప్యాకెట్లన్నీ పాకిస్తాన్ దారి పట్టాయి. సర్దుకోవడానికి రెండు గంటలు పట్టింది. నేను చిత్తూరులో చేసిన తప్పు చిత్తూరు దాటలేదు, ఎందుకంటే అది స్టాటిక్. పక్కవాడి మాట నమ్మే పద్ధతిలో మంచి కబురు ఎంత వేగంగా పోతుందో తప్పు కబురూ అంతే వేగంగా పోతుంది. ఫలానా అడ్రసులకు చాటింపు వేసే హక్కు ఎవరిదో సంతకంతో సరిచూసే ఆర్‌పీకేఐ అన్న ఏర్పాటు ఇప్పుడుంది, కానీ ఇంకా అందరూ వాడటం లేదు.

మీ మోడెంకు ఏమీ కాలేదు. దాంట్లో బయటికి ఉండేది ఒకే ఒక్క డిఫాల్ట్ రూట్, అది ఆ రాత్రి కూడా సరిగ్గానే ఉంది. ఇంకోసారి ఇలా అయితే మోడెం ముట్టుకునే ముందు రైల్వే టికెట్ల సైటో, ఏదైనా పేపర్ సైటో తెరిచి చూడమని మనవడికి చెప్పండి. అవి వస్తుంటే తప్పు మీ ఇంట్లో లేదు.